కాకినాడ బస్సులో పక్క సీటు

మురమళ్ళ
27 జూన్ 2024

తులసీ,

ఫోనుండగా ఈ ఉత్తరాలేంటి, అత్తకి మతిగానీ పోయిందా అనుకుంటున్నావేమో. మతి బాగానే ఉందే, తగ్గింది రక్తమే. మన ఇంట్లో ఫోను చెవికి ఆనించుకుని మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు కదా. మీ మావయ్య రొయ్యల చెరువు గట్టు మీద నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరులో మాట్లాడి మాట్లాడి, ఇంట్లోనూ స్పీకరు పెట్టి వీధంతా వినేలా అరుస్తారు. పక్క గదిలో దుర్గాశ్రీ ఉంది. ఏడో నెల, తొలి కాన్పు. రాజోలు నుంచి పురిటికి తెచ్చుకున్నాం. అమ్మకి రక్తం తక్కువైంది, సూదులేస్తున్నారు అని మాత్రమే దానికి చెప్పేం. క్యాన్సరన్న మాట కూతురి చెవిన పడకూడదు. నువ్వూ నోరు జారకు. నాతో ఏం చెప్పాలన్నా ఇలా కాగితం మీద రాయి.

మొదటి విడత అయింది. ఏడు సూదులు, పొట్ట మీద. ఆదివారం వెయ్యరు కాబట్టి మొత్తం ఎనిమిది రోజులు. పొద్దున్నే మురమళ్ళలో బస్సెక్కడం, ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ. అక్కడ బల్ల మీద గంటన్నర కూచుంటే సూది రెండు నిమిషాలు. మళ్ళీ అదే బస్సు, అదే వంతెన. మొదటి రెండ్రోజులూ పక్కింటి చిట్టెమ్మ తోడొచ్చింది. మూడో రోజు దానికి పని పడింది. మీ మావయ్య చెరువు వదిలి రాలేరు, రొయ్యకి మేత టైము తప్పితే ఆయన ప్రాణం విలవిల్లాడిపోతుంది. మిగతా రోజులన్నీ పక్క సీట్లో నా సంచీ కూచుంది.

బస్సు నిండా మన వీరేశ్వరస్వామికి కల్యాణం చేయించుకుని వెళ్ళేవాళ్ళే. పట్టుబట్టలు, పూలదండలు, పులిహోర పొట్లాలు. వాళ్ళ మధ్య నేను, చేతిలో వాంతి కవరుతో. అన్నట్టు, పెళ్ళిళ్ళు కుదిర్చే స్వామిని సొంతూళ్ళోనే పెట్టుకుని ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా ఒంటరిగా ఉన్నది నువ్వొక్కదానివే. స్వామికి కూడా నువ్వంటే భయమేమో.

చిన్నప్పుడు నువ్వు బస్సెక్కితే ఎదుర్లంక రాకుండానే నా భుజం మీద నిద్రపోయేదానివి. నాకా నిద్ర రాదు. కిటికీలోంచి చూస్తూ కూచోవడమే.

ఇంతకీ ఈ మందేంటే? డాక్టరు గారు, "ఎముకల్లో మూలుగ రక్తాన్ని సరిగ్గా తయారు చెయ్యడం లేదమ్మా, ఇదీ ఒక రకం క్యాన్సరే, ఈ మందు జన్యువుల మీద గుర్తులు చెరుపుతుంది" అని చెప్పి ఇంకో మంచం దగ్గరకి వెళ్ళిపోయేరు. ఆయ్, సరేనండీ అన్నాను. ఏం సరే, నా మొహం. నువ్వు చదివింది ఇదే కదా, కాస్త చెప్పు.

మీ అత్త
గంగాభవాని


హైదరాబాదు
5 జూలై 2024

అత్తా,

ల్యాబు అడ్రసుకి నా పేరున చేతిరాత కవరు వచ్చేసరికి కోర్టు నోటీసేమో అనుకున్నారు మావాళ్ళు. రెండుసార్లు చదివాను.

నువ్వడిగింది వీలైనంత తేలిగ్గా చెబుతాను. ఒంట్లో ప్రతి కణంలోనూ చాలా పొడుగాటి దారం ఒకటి ఉంటుంది. ఏ పని ఎలా చెయ్యాలో దాని మీద రాసి ఉంటుంది. అంత దారం చిక్కుపడకుండా చిన్న చిన్న ప్రోటీను ఉండలకి చుట్టుకుని ఉంటుంది, మన వీధిలో పీచుతాడు ఉండ చుట్టినట్టు. ఏ రాత చదవాలి, ఏది మూసి ఉంచాలి అన్నదానికి కణం గుర్తులు పెట్టుకుంటుంది. కొన్ని గుర్తులు దారం మీద పడతాయి, కొన్ని ఆ ఉండల మీద. ఉండల మీద గుర్తులు మారితే దారం బిగుసుకుంటుంది, లేకపోతే వదులవుతుంది. బిగుసుకున్న చోట రాత చదవడం కుదరదు.

నీ మూలుగలో కొన్ని చోట్ల రాతే చెడిపోయి ఉండొచ్చు. కానీ చాలా చోట్ల రాత బాగానే ఉండి, పడకూడని గుర్తులు పడి మూసుకుపోయింది. "ఇక పెరగడం ఆపు, పక్వానికి రా" అని చెప్పే రాతలు అవే. నీ మందు కొత్తగా పుట్టే కణాల దారంలోకి దూరి, గుర్తులు వేసే ఎంజైముని కదలకుండా పట్టేస్తుంది. అలా కొత్త కణాల్లో ఆ గుర్తులు తగ్గుతూ వస్తాయి. ఇది నిదానంగా జరిగే పని, అత్తా. నాలుగో విడతో ఆరో విడతో అయ్యేదాకా ఏ మార్పూ కనపడకపోవచ్చు. రోగాన్ని పూర్తిగా తీసేస్తుందని కూడా చెప్పలేను. అదుపులో పెడుతుంది, రోజులు పెంచుతుంది. ఈ గుర్తులు ఎందుకు పడతాయంటే వయసు వల్ల, పొగ వల్ల, కొన్ని రసాయనాల వల్ల, ఇంకా మాకెవరికీ తెలియని కారణాల వల్ల.

నా పని దారం మీద గుర్తులు కాదు, ఉండల మీద గుర్తులు. వాటిని తుడిచేసే ఎంజైముని ఆపే మందు కోసం మూడేళ్ళుగా ఒకటే ప్రయోగం. గాజు పళ్ళెంలో పని చేస్తుంది, ఎలకలో చెయ్యదు. మొన్న మళ్ళీ చేశాం, మళ్ళీ అదే. పొద్దున ఎనిమిదింటికి వచ్చి సాయంత్రం ఎప్పుడు వెళ్తున్నానో నాకే తెలియడం లేదు. సరేలే, నీ ముందు నాదేం కష్టం.

మందు మానకు. అంతే.

నీ తులసి


మురమళ్ళ
26 జూలై 2024

తులసీ,

రసాయనాలని రాసేవు చూడు, అక్కడ వచ్చింది చావు.

నేను దిండు కింద దాచుకున్న ఉత్తరం మీ మావయ్య తీసి చదివేరు. ఆ ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయేరు. చెరువు పెట్టిన కొత్తల్లో బ్లీచింగు పౌడరు చేతుల్తో కలిపి నీళ్ళలో చల్లింది నేనే కదా. "నా చేతుల్తో నేనే తెచ్చి పెట్టేనే నీకీ రోగం" అని గట్టు మీద కూచుని రెండు రోజులు అన్నం ముట్టలేదు. మేత వేసే బంగారరాజు ఇంటికొచ్చి, "అమ్మగారండీ, అయ్యగారు రొయ్యని చూడ్డం లేదండి, ఉత్తినే నీళ్ళని చూస్తన్నారండి" అన్నాడు. నీరసంతో నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేను. నీ దుంపతెగ, ఆ ముక్క రాయకపోతే ఏం పోయింది?

ఇంకోటి. దారం మీద రాతన్నావు, గుర్తులన్నావు. ఆ దారమే కదా పిల్లలకి వెళ్ళేది? దుర్గాశ్రీ కడుపులో ఉన్న బిడ్డకి కూడా నా గుర్తులు వెళ్తాయా? ఇది ఎవర్నీ అడగలేక నోరు మూసుకుని కూచున్నాను. జవాబు వెంటనే రాయి.

రెండో విడత మొన్న సోమవారంతో పూర్తయింది. సూదులేసేక తెల్లకణాలు ముందుకంటే తగ్గేయట, ప్లేట్‌లెట్లు మరీను. రెండు సీసాలు రక్తం ఎక్కించేరు. మందేస్తే పెరగాలి గానీ తగ్గడమేంటని మీ మావయ్య రోజూ అడుగుతున్నారు. అదీ నువ్వే రాయి. పొట్ట మీద సూది పడిన చోటల్లా ఎర్రగా కందిపోయి, చీర కుచ్చిళ్ళు తగిలితే మంట.

బస్సులో కండక్టరు బుల్లబ్బాయి అలవాటైపోయేడు. నన్ను చూస్తే టిక్కెట్టు ముందే కొట్టేస్తాడు. "పక్కనెవరూ రాలేదాండీ" అని రోజూ అడుగుతాడు. లేదు నాయనా, సంచీ వచ్చింది అంటాను. ఆరో రోజు సంచీ ఒళ్ళో పెట్టుకున్నాను. ఎవరైనా కూచుంటారేమో అనుకున్నాను. వాంతి కవరు చూసి ఎవరూ కూచోలేదు.

అత్త


హైదరాబాదు
6 ఆగస్టు 2024

అత్తా,

ముందు అసలు సంగతి. బిడ్డకి రాదు. నీ మూలుగలో పడ్డ గుర్తులు నీ మూలుగలోవే, ఈమధ్య పడినవే. దుర్గాశ్రీ పుట్టి ఇరవై ఆరేళ్ళు. ఎక్కడో ఒకటీ అరా కుటుంబాల్లో వచ్చే రకం ఉంది గానీ, నీ పరీక్షల్లో దాని జాడ లేదు. రిపోర్టుల ఫోటోలు ఫోనులో పంపావు కదా, మా డాక్టరు స్నేహితురాలికి కూడా చూపించాను. నిశ్చింతగా ఉండు.

బ్లీచింగు వల్లే వచ్చిందని ఏ శాస్త్రజ్ఞుడూ చెప్పలేడు. మావయ్యకి ఈ వాక్యం కింద గీత గీసి చూపించు. ఆ ముక్క అలా రాసి వదిలెయ్యడం నాదే తప్పు.

ఇక కణాలు తగ్గడం. అది అనుకున్నదే. మావయ్యకి ఆయన భాషలోనే చెప్పు. చెరువులో జబ్బు రొయ్య ఉండగా మంచి సీడు పిల్లల్ని వేస్తే నిలబడవు. ముందు చెరువు ఖాళీ అవ్వాలి, ఆ తర్వాతే కొత్త సీడు. నీ మూలుగలో ఇప్పుడు జరుగుతున్నది ఆ ఖాళీ అవ్వడమే. చూడ్డానికి భయంగా ఉంటుంది, కానీ దారి అదే.

వచ్చే నెల మా ప్రాజెక్టు మీద పెద్దవాళ్ళ సమీక్ష. కొనసాగిస్తారో మూసేస్తారో తెలియదు. దానికోసం మూడు వారాలు పూణే వెళ్ళి అక్కడి ల్యాబులో చివరిసారి ప్రయోగం చెయ్యాలి. ఈసారి కూడా పోతే ఇక చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒళ్ళు హూనమైపోయింది అత్తా, పడుకున్నా నిద్ర పట్టదు. పళ్ళేలు లెక్కపెట్టుకుంటూ ఉంటాను.

సూది పడిన చోట చల్లటి గుడ్డ పెట్టు. రుద్దకు.

తులసి


మురమళ్ళ
11 సెప్టెంబరు 2024

తులసీ,

అమ్మమ్మనయ్యేనే! ఆగస్టు ఇరవై ఎనిమిదిన దుర్గాశ్రీకి ఆడపిల్ల. మూడు కిలోలు. గుక్కపట్టి ఏడిస్తే ఏరేటరు కూడా చాలదు. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, నేను అరికాళ్ళ దాకా చూసేను. మనసు కుదుటపడింది.

మూడో విడత కాన్పుకి ముందే అయిపోయింది. ఇప్పుడు సూదులు ఆపేం. కంగారుపడకు, నువ్వు చెప్పినట్టే చేస్తున్నాం. నీ ఉత్తరం చదివేక మీ మావయ్య మొహం విప్పారిపోయింది. "ఇంతకాలానికి నాకు తెలిసిన ముక్క చెప్పిందే మన తులసి" అన్నారు. చెరువు ఖాళీ అయ్యేక ఏం చెయ్యాలో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు కదా. ఎండగట్టాలి. నేల బీటలు వారేదాకా రెండు నెలలు వదిలెయ్యాలి, అప్పుడే అడుగున దాగిన రోగం చస్తుంది. "తడి మీద తడి, మందు మీద మందు పోసిన చెరువు బాగుపడ్డట్టు ముప్ఫై ఏళ్ళలో నేను చూళ్ళేదు" అని మీ మావయ్య తీర్మానం. మూడు విడతలతో ఖాళీ అయింది, రెండు నెలలు ఒంటిని ఎండగడదాం, ఆ తర్వాత చూద్దాం అన్నారు. మొన్న తొమ్మిదో తారీకున నాలుగో విడతకి వెళ్ళాల్సింది, వెళ్ళలేదు. ఆసుపత్రి వాళ్ళు ఫోను చేస్తే ఇంట్లో పురుడని చెప్పేరు.

మానేసేక హాయిగా ఉందే. చేపల పులుసు పులుసులా ఉంది. మూడు నెలల తర్వాత నోటికి రుచి తెలిసింది. మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పోస్తున్నాను. పొద్దున్నే ఆ బస్సు హారన్ రోడ్డు మీద వినపడితే, హమ్మయ్య, నేను అందులో లేను అనుకుంటున్నాను.

నువ్వు పెద్ద చదువు చదివినందుకు ఇన్నాళ్ళకి మాకు పనికొచ్చింది.

అత్త


హైదరాబాదు
9 అక్టోబరు 2024

అత్తా,

పూణే నుంచి నిన్ననే వచ్చాను. అనుకున్నదానికంటే వారం ఎక్కువ పట్టింది. నీ ఉత్తరం నా బల్ల మీద మూడు వారాలుగా పడి ఉంది. చదివిన వెంటనే ఫోను చేశాను. మావయ్య ఎత్తారు. తర్వాత జరిగింది నీకు తెలుసు. ఆయన మీద ఎప్పుడూ గొంతెత్తనిదాన్ని అలా అరిచాను. ఆయన "ఆయ్, అలాగేనమ్మా" అని ఫోను పెట్టేశారు. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

తప్పు మీది కాదు. చెరువు పోలిక నాది. రొయ్యల చెరువు గట్టు మీద పెరిగినదాన్ని, ఖాళీ తర్వాత ఎండగట్టడమే వస్తుందని నాకు తట్టకపోవడం ఏంటి? ఇప్పుడు పోలికలు లేకుండా చెబుతాను. ఈ మందు గుర్తుల్ని శాశ్వతంగా చెరపదు. మందున్నంతకాలం కొత్త కణాలకి గుర్తులు తగ్గుతాయి. మందు ఆగితే ఆ ఎంజైము మళ్ళీ లేచి మళ్ళీ గుర్తులు వేస్తుంది. తెరుచుకున్న రాతలు మళ్ళీ మూసుకుంటాయి. నువ్వు మూడు విడతలు పడ్డ కష్టమంతా ఈ రెండు నెలల్లో పోతూ ఉండొచ్చు. ఇంకా ఆలస్యమైతే ఈ జబ్బు ముదిరిన రక్త క్యాన్సరుగా మారే ప్రమాదం ఉంది. అప్పుడు ఈ సూదులు కూడా పని చెయ్యకపోవచ్చు.

హాయిగా ఉందన్నావు. మందు వల్ల వచ్చే నీరసం పోయింది కాబట్టి హాయి. రోగం తగ్గి కాదు.

ఈ సోమవారమే వెళ్ళు. వెళ్ళినట్టు ఉత్తరం కాదు, ఫోను చెయ్యి. ఎవరు విన్నా పర్వాలేదు.

తులసి


మురమళ్ళ
17 అక్టోబరు 2024

లక్ష్మీతులసికి,

ఎవరు విన్నా పర్వాలేదన్నావు. అందరూ విన్నారు. నువ్వు "క్యాన్సరుకి మందు ఆపి మనిషిని చంపుకుంటారా మావయ్యా" అని అరిచినప్పుడు ఫోను ఎప్పట్లా స్పీకరులోనే ఉంది. దుర్గాశ్రీ పిల్లకి పాలిస్తోంది. బిడ్డని పక్కన పడుకోబెట్టి వచ్చి, గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. ఆ చూపు నేను బతికినన్నాళ్ళూ మర్చిపోలేను. నాలుగు నెలలు దాచింది నాలుగు ముక్కల్లో అయిపోయింది. అది ఏడుస్తోంది, దాన్ని చూసి పిల్ల ఏడుస్తోంది. మీ మావయ్య ఇంట్లోకి రావడం మానేసి చెరువు పాకలోనే తింటున్నారు. ఎవర్ని ఓదార్చాలో తెలీక నేను వంటింట్లో కూచుంటున్నాను.

సోమవారం నేను వెళ్ళలేదు. వెళ్ళను కూడా. ఎందుకో చెబుతాను, విను. నీకు విసుగొచ్చినా సరే చివరిదాకా చదువు.

నాకు బోధపడక మానలేదే. ఎండగట్టడం మీ మావయ్య నమ్మేరు. నేను నమ్మలేదు. నేను చెరువుని కానని నాకు తెలీదా? ఆయన ఆ మాట అనగానే ఎగిరి పట్టుకున్నాను. ఎందుకంటే ఇంక ఆ బస్సెక్కక్కర్లేదు. సూదికి నేను భయపడలేదు, వాంతికి భయపడలేదు. తెల్లారి లేచి, ఒక్కదాన్నే నడిచి వెళ్ళి, ఒక్కదాన్నే ఎక్కి, ఆ బల్ల మీద అందరూ జంటలు జంటలుగా కూచుంటే నేను సంచీ పట్టుకుని కూచోవడం, పేరు పిలిచినప్పుడు "తోడెవరమ్మా" అని రోజూ అడిగించుకోవడం, అది నావల్ల కాలేదు. మూడు విడతలు చేసేను. నాలుగోది చెయ్యలేనే తల్లీ. అలసిపోయేను.

మీ అమ్మ పోయేక ఏడేళ్ళ పిల్లవి, నిన్ను పెంచింది నేను. నీకు టైఫాయిడొస్తే కాకినాడ ఆసుపత్రికి పదకొండు రోజులు తిప్పేను, అదే బస్సులో. ఆ జ్వరం ఎలా వస్తుందో నాకు తెలీదు, నేను నీకేమీ వివరించలేదు. పక్కన కూచున్నానంతే. ఇది దెప్పడానికి రాయడం లేదు. నేను రాసిన ఉత్తరాలుంటే తీసి చూడు. రెండింట్లో పక్క సీటు గురించి రాసేను. నువ్వు దారం గురించి, ఉండల గురించి, ఎంజైము గురించి రాసేవు. అన్నీ నిజాలే రాసేవు. నిన్ను రమ్మని నేను నోరు తెరిచి అడగలేదు, ఒప్పుకుంటాను. నీ పని నీకు ముఖ్యమని ఊరుకున్నాను. ఇప్పుడు అడగడం లేదు కూడా. ఎందుకు మానేసేనో నీకు తెలియాలని రాస్తున్నాను.

నిన్న ముక్కులోంచి రక్తం కారింది. తొందరగానే ఆగింది. ఎవరికీ చెప్పలేదు. నీకు ఎందుకు చెబుతున్నానో తెలీదు.

గంగాభవాని


హైదరాబాదు
24 అక్టోబరు 2024

అత్తా,

పాత ఉత్తరాలు తీసి చూశాను. నువ్వన్నది నిజం.

నాకు వివరించడం తేలిక. వివరిస్తున్నంతసేపూ అది నా అత్త రక్తమని గుర్తు రాదు. నీ రిపోర్టు నా స్నేహితురాలికి చూపించినప్పుడు కూడా పేరు మడిచి చూపించాను, ఎవరిదో అన్నట్టు. నిన్ను ఆ బల్ల మీద చూడాలంటే నాకు భయం. పదకొండేళ్ళు ఈ జబ్బు మీదే పని చేసి, ఒక్క రోగి పక్కన కూచోలేదు నేను. సిగ్గుగా ఉంది.

ప్రాజెక్టు మూసేశారు. పూణేలో కూడా మందిచ్చిన ఎలకలకీ ఇవ్వని ఎలకలకీ తేడా రాలేదు. ఏడుపు రాలేదు, ఒట్టి నీరసం వచ్చింది. సెలవు ఇవ్వమన్నాను, ఇచ్చారు.

దుర్గాశ్రీతో మాట్లాడాను. అరిచినందుకు క్షమించమని అడిగాను. "నాతో కూడా చెప్పకపోతే ఎలాగ వదినా" అంది. మావయ్యకి వేరే ఉత్తరం పెట్టాను, అది ఆయనొక్కరే చదువుకోవాలి.

నవంబరు మూడున ఆదివారం సాయంత్రానికి మురమళ్ళలో ఉంటాను. నాలుగో తారీకు సోమవారం పొద్దున బస్సుకి రెండు టిక్కెట్లు. ఎనిమిది రోజులూ ఉంటాను. ముక్కు రక్తం సంగతి డాక్టరు గారికి ఫోను చేసి చెప్పాను, అంతకు ముందే మళ్ళీ కారితే ఒక్క క్షణం ఆగకుండా వెళ్ళాలన్నారు. దుర్గాశ్రీకి నంబరు ఇచ్చాను.

నువ్వు రానంటే బలవంతం చెయ్యను. నేనొక్కదాన్నే ఎక్కి, ఆ బల్ల మీద నీ బదులు కూచుని వస్తాను. ఆ మందు గురించి ఒక్క ముక్క మాట్లాడను, ఒట్టు.

తులసి


మురమళ్ళ
13 డిసెంబరు 2024

తులసీ,

ఐదో విడత మొన్న సోమవారంతో అయిపోయింది. ఎనిమిది రోజులూ నేనొక్కదాన్నే వెళ్ళేను. ఆ సంగతి తర్వాత చెబుతాను, ముందు కిందటి నెల బాకీ మాట ఒకటి ఉంది. నీ మొహం మీద చెప్పలేకపోయేను.

తోడుకని వచ్చేవు. సోమవారం పొద్దున బస్సెక్కి కిటికీ సీటు నాకిచ్చి, సంచీ నీ ఒళ్ళో పెట్టుకుని, ఎంత బుద్ధిగా కూచున్నావో! నాకు కళ్ళ నీళ్ళొచ్చి అటు తిరిగేను. మళ్ళీ ఇటు తిరిగేసరికి నువ్వు నిద్రపోతున్నావు. ఎదుర్లంక కూడా రాలేదు. నోరు తెరుచుకుని, నా భుజం మీద. ఆ బల్ల మీద కూడా నిద్రే. నర్సమ్మ వచ్చి, "పేషెంటు మీరాండీ, ఈవిడాండీ" అని అడిగింది. ఆ తిరుగు బస్సులోనూ అంతే. ఎనిమిది రోజులూ అంతే. భుజం తిమ్మిరెక్కినా కదపలేదు. యానాంలో పల్లీలమ్మేవాడు అరిస్తే ఉష్షని కసిరేను. ఏం పని పెట్టేరే నీకు అక్కడ? మనిషివి ఇంత అరిగిపోయేవని నాకు ఒక్క ఉత్తరంలోనైనా తెలిసేలా రాయలేదేంటి? రాసేవులే. పళ్ళేలు లెక్కపెట్టుకుంటున్నానని రాసేవు, నిద్ర పట్టడం లేదని రాసేవు. నేనూ నా సీటు గొడవలో పడి చదివి వదిలేసేను. ఇద్దరం ఇద్దరమే.

నాకు మాత్రం ఆ ఎనిమిది రోజుల్లో వాంతి ఒక్కటీ రాలేదు. నువ్వు లేస్తావని ఆపుకున్నానేమో.

మీ మావయ్య ఇంట్లోనే తింటున్నారు. నువ్వు ఆయనకి ఏం రాసేవో చెప్పరు గానీ, ఆ కాగితం మేత పుస్తకంలో పెట్టుకున్నారు. విడతల తారీకులన్నీ చెరువు పాక గోడ మీద బొగ్గుతో రాసేరు. ఆయన్ని అడక్కుండా ఒక్క సూది కూడా తప్పడానికి వీల్లేదట. దుర్గాశ్రీ తోడొస్తానంది. మూడు నెలల పిల్లతో ఆసుపత్రేంటి, వద్దన్నాను. చిట్టెమ్మ వస్తానంది, దాన్నీ పని మాన్పించలేదు. ఒంటరిగా వెళ్ళగలనో లేదో నాకే చూసుకోవాలనిపించింది. వెళ్ళగలిగేను. కష్టంగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ వెళ్ళగలిగేను.

మొదటి రోజు బుల్లబ్బాయి టిక్కెట్టు కొడుతూ, "మొన్న పక్కన నిద్దరోయిన పాపగారు ఏరండీ?" అని అడిగేడు. ముప్ఫై నాలుగేళ్ళ పాప! హైదరాబాదులో ఉందిలే నాయనా, అక్కడ దానికి నిద్ర పట్టదు అన్నాను. "మరి ఈ బస్సులోనే పడుతుందేమోనండి, రమ్మనండి" అన్నాడు. బస్సులో వాళ్ళందరూ నవ్వేరు, నేనూ నవ్వేను.

ఈ విడతలో రక్తం ఎక్కించలేదు. ఎర్రకణాలు కిందటి నెలకంటే కొంచెం పెరిగేయట, కొంచెమే. డాక్టరు గారు కాగితం రెండుసార్లు తిప్పి చూసి, "ఇప్పుడే ఏం చెప్పలేనమ్మా, చూద్దాం" అన్నారు. ఇన్నాళ్ళూ ఆ చూద్దాం కూడా అనలేదాయన. నాకు అదే చాలు. ఏ గుర్తు పోయిందో, ఏ రాత తెరుచుకుందో నువ్వు చెప్పక్కర్లేదు, ఒట్టేసేవు.

ఆరో విడత డిసెంబరు ముప్ఫై, సోమవారం. నువ్వు రాకపోయినా నేను వెళ్తాను, ఆ బెంగ పెట్టుకోకు. నా కోసం రావద్దు. సెలవు దొరికితే నీ కోసం రా. కిటికీ సీటులో నేను కూచుంటాను, ఎండ నీ మొహం మీద పడకుండా. నువ్వు ఎక్కి పడుకో. కాకినాడ వచ్చేక నేను లేపుతాను.

మీ అత్త
గంగాభవాని